పువ్వు ముఖం ఒక్కటే తీస్తే పేరు దొరకదు

(విజయనగరంలో ఒక ఆదివారం ఉదయం గ్రంథాలయం హాల్లో ఓ స్టూడియో ఫొటోగ్రాఫర్ చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి. సరే.

ముందు ఒక మాట అడుగుతాను. మీరంతా ఇప్పుడే గేటు దాటి లోపలికొచ్చారు కదా. గేటుకి ఎడంపక్క, కాలవ మీద పలకల సందులో, ఏం పువ్వు పూసి ఉంది? ఎవరైనా చూశారా? ఒక్కరు? లేదు. బండి ఎక్కడ పెట్టారో గుర్తుంది, చెప్పులు ఎక్కడ విడిచారో గుర్తుంది. పువ్వు గుర్తు లేదు. తప్పేం లేదండి, నేనూ యాభై ఏళ్ళు అలాగే నడిచాను. ఆ పువ్వు దగ్గరకి చివర్లో వెళ్దాం.

నా పని ఫొటోలు. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, బారసాలలు, పాస్‌పోర్టు ఫొటోలు. వృక్షశాస్త్రం చదువుకోలేదు. ఇంటర్‌తో ఆపేశాను, అదీ కామర్సు. కాబట్టి ఇవాళ ఇక్కడ పండితుడు మాట్లాడుతున్నాడని అనుకోకండి. తప్పులు చేసి నేర్చుకున్నవాడు మాట్లాడుతున్నాడు.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. ముహూర్తాలన్నీ పోయాయి. కెమెరాలు బీరువాలో పడుకున్నాయి. పొద్దున్నే పాల పాకెట్టుకి వెళ్ళి రావడం ఒక్కటే నాకు బయటి లోకం. మా ఇల్లు కోట దగ్గర. 1713లో కట్టిన కోట, ఎంతమంది వచ్చి ఫొటోలు తీసుకుంటారు! నేనూ తీశాను, వందల జంటల్ని ఆ గోడ ముందు నిలబెట్టి తీశాను. ఆ గోడ రాళ్ళ సందులో బిళ్ళగన్నేరు పూస్తుందని మాత్రం అప్పుడే చూశాను. జంటలు లేరు కదా, గోడ కనిపించింది.

ఇక మొదలెట్టాను. పాలకి వెళ్ళి గంటన్నరకి వస్తున్నాను. మా ఆవిడ "ఏటి, ఆవు దగ్గరికెళ్ళి పితుక్కుని వస్తున్నారా?" అని అడిగింది.

ఫొటోలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయి. ఎందుకు రావు? ముప్ఫై ఏళ్ళ అనుభవం. వెనకంతా మసక, మధ్యలో పువ్వు మెరుస్తూ. మా మేనకోడలు బోటనీలో ఎమ్మెస్సీ చేస్తోంది, తనకి పంపాను. మెచ్చుకుంటుందనుకున్నాను. ఏం రాసిందో తెలుసా? "మామయ్యా, ఫొటో చాలా బాగుంది. పువ్వు ఏదో మాత్రం చెప్పలేను. ఆకు ఏది? వెనక ఎలా ఉంది? కాయ ఉందా?"

నాకు కోపం వచ్చింది. నిజంగా వచ్చింది. ఇంత స్పష్టంగా తీస్తే ఇంకా ఏం కావాలి? సాయంత్రానికి కోపం తగ్గాక ఆలోచించాను. నేను ఒక పెళ్ళికి వెళ్ళి, నాలుగొందల ఫొటోలు తీసి, నాలుగొందలూ పెళ్ళికూతురి ముఖమే తీశాననుకోండి. మీరు డబ్బులిస్తారా? తల్లిదండ్రులేరీ, మేనమామ ఏడీ, జడ ఎక్కడ, పందిరి ఎక్కడ అని అడగరూ? ఆ ముఖం చూసి ఎవరింటి పెళ్ళో బయటివాడు చెప్పగలడా? నేను పువ్వుకి చేసింది అదే. ముఖం తీశాను, కుటుంబాన్ని వదిలేశాను.

ఈ ఫొటో చూడండి. పసుపు రంగు, అయిదు రేకులు. ఇదేం పువ్వు? చెప్పండి, ఫరవాలేదు. బెండ? పత్తి? పల్లేరు? తంగేడు? చూశారా, ఒక్క ముఖానికి నాలుగు పేర్లొచ్చాయి. మన వీధుల్లో పసుపు రంగు అయిదు రేకుల పువ్వులు ఎన్ని ఉన్నాయనుకున్నారు! ఇప్పుడు రెండో ఫొటో చూడండి. ఆకు. గుండె ఆకారం, మెత్తటి నూగు, వేలితో తడిమితే వెల్వెట్టు. మూడోది కాయ. తిరగలి రాయిలా గుండ్రంగా, చుట్టూ పళ్ళు. ఇప్పుడు? అదిగో, ఆ మూల అమ్మగారు చెప్పేశారు. తుత్తురుబెండ! చిన్నప్పుడు ఈ కాయని సిరాలో ముంచి పుస్తకం మీద ముద్రలు వేసుకున్నవాళ్ళు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. పువ్వు చూస్తే ఒక్కరూ చెప్పలేదు, కాయ చూడగానే సగం హాలు చెప్పింది.

అందుకే ఒక మొక్కకి నేను ఇప్పుడు కనీసం అయిదు ఫొటోలు తీస్తాను. పువ్వు ఎదురుగా. పువ్వు పక్కనుంచి, వెనకనుంచి, అంటే రేకుల కింద ఆకుపచ్చ రక్షకపత్రాలు కనిపించేలా. కాండం మీద ఆకులు ఎలా కూర్చున్నాయి, ఎదురెదురుగానా, ఒకటి విడిచి ఒకటా. మొత్తం మొక్క, నేలతో సహా. కాయ ఉంటే కాయ. కాండం నలుపలకలా ఉందా గుండ్రంగా ఉందా అని వేళ్ళతో తిప్పి చూస్తాను. తుమ్మి కాండం తిప్పి చూడండి, నాలుగు పలకలు తగుల్తాయి. తులసిదీ అంతే. రెండూ ఒకే కుటుంబం మరి.

సైజు కూడా కావాలి. చాలామంది రూపాయి బిళ్ళ పక్కన పెడతారు. నేనూ పెట్టేవాణ్ణి. ఒక చిక్కుంది. పాత స్టీలు రూపాయి 25 మిల్లీమీటర్లు, 2011లో వచ్చింది 22, 2019లో వచ్చింది 20. ఏ రూపాయో చూసేవాడికి తెలియాలి కదా! పిల్లల జామెట్రీ బాక్సులోంచి చిన్న స్కేలు తీసుకుని జేబులో వేసుకోండి. మా మనవడిది పోయిందని ఇంట్లో గొడవైంది, అది వేరే సంగతి.

కెమెరా గురించి అడుగుతారు. ఏం కొనాలి అని. ఏమీ కొనొద్దు. మీ చేతిలో ఉన్న ఫోను చాలు. కాకపోతే రెండు మూడు మెళకువలు. ఒకటి, పువ్వు మీదకి ఫోను పొడిచేసినట్టు పెట్టకండి. మరీ దగ్గరైతే ఫోకస్ అందదు. ఒక జానెడు వెనక్కి జరిగి రెండింతలు జూమ్ చేయండి. చిన్న పువ్వు అయితే ఫోను వెనకనున్న గడ్డిని పట్టుకుంటుంది, పువ్వుని వదిలేస్తుంది. అప్పుడు పువ్వు వెనక అరచెయ్యి అడ్డు పెట్టండి. ఫోనుకి ఇంక చూడ్డానికి వేరే ఏమీ ఉండదు, పువ్వునే చూస్తుంది. తుమ్మి లాంటి తెల్ల పువ్వులు ఎండలో సున్నం ముద్దలా వస్తాయి. తెర మీద పువ్వుని తాకితే పక్కన చిన్న సూర్యుడి బొమ్మ వస్తుంది, దాన్ని కిందకి లాగండి. తెలుపులో గీతలు బయటకొస్తాయి. నడినెత్తిన ఎండ ఉంటే గొడుగు నీడ పట్టండి. పెళ్ళిళ్ళలో మేం గొడుగు లైట్లు పడతాం కదా, ఇక్కడ మామూలు నల్ల గొడుగు చాలు.

చెట్ల పూలు అందవు. ఆకాశమల్లి ఎక్కడో ఆకాశంలో ఉంటుంది, పేరులోనే ఉంది. ఏం చేస్తాం? రాలినవి ఏరుకుంటాం. నల్ల గుడ్డ మీద పెట్టి తీస్తాం. చింతపువ్వు ఎప్పుడైనా దగ్గరగా చూశారా? మన పైడితల్లి అమ్మవారి సిరిమానుకి చింతమానునే తెస్తారు. చింతచిగురు పప్పు తింటాం, చింతపండు లేనిదే పూట గడవదు. పువ్వు ఎలా ఉంటుందంటే మాత్రం నోరు తెరుస్తాం. లేత పసుపు రేకుల మీద ఎర్రటి నరాలు, పిల్లలకి గోరింటాకు పెట్టినట్టు. పెద్ద రేకులు మూడే కనిపిస్తాయి, మిగతా రెండూ చిక్కిపోయి దాక్కుంటాయి. ఊళ్ళో ఇంత పెద్ద చెట్టు, ఇంత పెద్ద పండగ. పువ్వుని చూసినవాళ్ళు పదిమంది లేరు.

ఇంకో సంగతి, వేళ. ఈ తుత్తురుబెండ కోసం నేను వరసగా మూడు రోజులు పొద్దున ఆరున్నరకి వెళ్ళాను. ముడుచుకునే ఉంది. మొక్కకేదో తెగులు అనుకున్నాను. నాలుగో రోజు సాయంత్రం టీకి వెళ్తూ చూస్తే నిండుగా విచ్చుకుని నవ్వుతోంది. అది మధ్యాహ్నం దాటాక లేచే రకం! చంద్రకాంత కూడా అంతే, నాలుగు గంటల తర్వాతే. చిటపటకాయల మొక్క దీనికి తిరగేసి. అదేనండీ, ఎండిన కాయల్ని నోట్లో తడి చేసి ఎదుటివాడి జేబులో వేసేవాళ్ళం, టప్పున పేలేవి. దాని ఊదాపువ్వు పొద్దున్నే పూసి మధ్యాహ్నానికి రాలిపోతుంది. పెళ్ళివాళ్ళు ముహూర్తం మార్చరు, ఫొటోగ్రాఫరే టైముకి వెళ్ళాలి. పూలూ అంతే.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన మూడు చూపిస్తాను. కాస్త ఓపిక పట్టండి.

మొదటిది తలంబ్రాల మొక్క. పేరు చూడండి ఎంత సొగసో! రైలు పట్టాల పక్కన, ఖాళీ స్థలాల గోడల వెంట ఉంటుంది. ఒక్క గుత్తిలో మధ్యన పసుపు పూలు, అంచున గులాబీ పూలు. రెండు రకాల పూలనుకుంటాం. కాదు. అన్నీ పసుపుగానే పుడతాయి. పరాగం అంది పని పూర్తయిన పువ్వు గులాబీకి తిరుగుతుంది. అయినా రాలిపోదు, గుత్తిని పట్టుకునే ఉంటుంది. దూరం నుంచి వచ్చే సీతాకోకచిలుకకి గుత్తి పెద్దదిగా కనిపించాలి కదా. దగ్గరకొచ్చాక అది ఎక్కడ వాలుతుంది? నేను అరగంట వీడియో తీశాను. పసుపు, పసుపు, పసుపు. గులాబీ వాటి జోలికి పోదు. తేనె ఎక్కడుందో దానికి తెలుసు. అంచున కూర్చున్న పెద్దలు పందిరి నిండుగా కనిపించడానికి, మధ్యలోవాళ్ళు పెళ్ళికి.

రెండోది గడ్డి చామంతి. దెబ్బ తగిలితే పసరు పిండుకునేవాళ్ళం, ఆ మొక్క. ఇది ఒక పువ్వు అనుకుంటున్నారా? సూదితో విప్పి చూశాను. అంచున రేకుల్లా కనిపించేవి, చివర మూడు నొక్కులుంటాయే, అవి ఒక్కొక్కటీ ఒక్కో పువ్వు. మధ్యలో పసుపు దిండులో పదులకొద్దీ బుల్లి గొట్టం పూలు. పొద్దుతిరుగుడూ ఇలాంటిదే, చామంతీ ఇలాంటిదే. ఇన్నాళ్ళూ క్లోజప్ అనుకుని తీశాను, తీరా చూస్తే గ్రూపు ఫొటో!

మూడోది వెన్నవెదురు. కొందరు వెన్నదేవికూర అంటారు. వానలు పడగానే కాలవ గట్ల మీద నీలంగా పూస్తుంది, మధ్యాహ్నానికి వాడిపోతుంది. రెండు పెద్ద నీలి రేకులు, కింద చిన్నది మూడోది. ఇంతవరకూ బాగానే ఉంది. మేనకోడలు ఫోన్ చేసి, "మామయ్యా, వేరు దగ్గర తవ్వి చూడు" అంది. తవ్వాను. మట్టిలో, తెల్లటి కొమ్మల మీద, ఇంకా పూలున్నాయి! భూమిలో పూలు! అవి విచ్చుకోవు. ఎండ చూడవు, తేనెటీగని చూడవు. ముడుచుకునే ఉండి లోపల్లోపలే గింజ కట్టేస్తాయి. పైపూలని పశువు మేసినా, పారతో చెక్కేసినా, కింద గింజ భద్రంగా ఉంటుంది. అందుకే ఎన్నిసార్లు పీకినా మళ్ళీ వస్తుంది. మున్సిపాలిటీ వాళ్ళ తప్పేం లేదు.

ఇక పేర్ల సంగతి. ఇక్కడే అసలు తంటా. మార్కెట్లో ఆకుకూరలమ్మే మామ్మ దగ్గర ఒక మొక్క చూపించి "ఇదేటి మామ్మా?" అన్నాను. "గలిజేరు కదేటి బాబూ" అంది. ఫోనులో ఇంకో మొక్క ఫొటో చూపించాను. "అదీ గలిజేరే." "రెండూ ఒకటేనా?" అంటే నన్ను కిందా మీదా చూసి, "ఒకటెలాగవుద్ది? దీన్ని పప్పులో ఏస్తాం, దాన్ని మందుకి అట్టుకెల్తారు" అంది. చూశారా! పేరు ఒకటే, మొక్కలు రెండని ఆవిడకి స్పష్టంగా తెలుసు. తెలియంది నాకే. లాటిన్ పేర్లతో చెప్పాలంటే, ఒకటి ట్రయాంథిమా, దళసరి ఆకు, పువ్వు ఆకు మొదట్లో దాక్కుని ఉంటుంది. రెండోది బొయెర్‌హావియా, అటికమామిడి అని కూడా అంటారు. సన్నటి కాడల మీద రెండు మూడు మిల్లీమీటర్ల ముదురు గులాబీ పూలు, బట్టలకి అంటుకునే జిగురు కాయలు. ఫొటోలో పువ్వు ఏ చోట కూర్చుందో కనిపిస్తే చాలు, తగువు తీరిపోతుంది.

మరి లాటిన్ పేరు పెడితే గొడవ వదుల్తుందా? చాలావరకు వదుల్తుంది, పూర్తిగా కాదు. బిళ్ళగన్నేరుని ముందు వింకా అన్నారు, తర్వాత కాథరాంథస్‌కి మార్చారు. దాన్నుంచి కేన్సర్‌కి వాడే మందులొచ్చాయి, వింక్రిస్టీన్, విన్‌బ్లాస్టీన్. మొక్క పేరు మారింది, మందుల పేర్లలో పాత "విం" అలాగే మిగిలిపోయింది. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారినా పుట్టింటి ముద్దుపేరు పోనట్టు.

మన తెలుగు పేర్లు తక్కువవేం కాదు. రాక్స్‌బర్గ్ అని ఒక వైద్యుడు, ఈస్టిండియా కంపెనీ మనిషి, 1780ల్లో మన సామర్లకోటలో ఉండి ఈ తీరపు మొక్కల్ని ఇక్కడి చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. ఆ బొమ్మల మొదటి సంపుటం 1795లో మొదలై లండన్‌లో అచ్చయింది. మన జనం ఏమని పిలుస్తారో అడిగి తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. మన సోమిద చెట్టుకి శాస్త్రీయనామం ఇవాళ్టికీ సోయ్మిడానే. అందుకని మామ్మల్ని అడగండి. అడిగినప్పుడు ఫొటో ఒక్కటే కాదు, వీలైతే చిన్న రెమ్మ చూపించండి. వాళ్ళు కంటితో పాటు ముక్కుతో, వేళ్ళతో గుర్తుపడతారు.

ఇంకో తమాషా చెప్పనా? ఇవన్నీ మనూరివే అనుకుంటాం కదా. గడ్డి చామంతి, తలంబ్రాలు, చిటపటకాయలు, చంద్రకాంత, వయ్యారిభామ, అన్నీ అమెరికా ఖండాలనుంచి వచ్చినవే. బిళ్ళగన్నేరు, తురాయి మడగాస్కర్‌వి. మిరపకాయ కూడా బయటనుంచి వచ్చిందే, ఆవకాయ మానేశామా ఏంటి? తుమ్మి, ఉత్తరేణి, జిల్లేడు మనవి. వినాయక చవితికి పత్రి కట్ట డబ్బులిచ్చి కొంటాం. ఉత్తరేణి, ఉమ్మెత్త, జిల్లేడు, విష్ణుక్రాంత. మర్నాడు అవే మన గోడ పక్కనుంటే పిచ్చిమొక్కలు. కట్టలో అసలు ఉత్తరేణి ఉందో లేదో చూసుకునేవాళ్ళెంతమంది? వచ్చే చవితికి చూడండి, నవ్వుకుంటారు.

జాగ్రత్తలు కొన్ని చెప్పాలి. నవ్వులాట కాదు, నాకే జరిగింది. రథసప్తమి ముందు జిల్లేడు తీస్తున్నాను. మనకి ఎక్కువగా కనిపించే రకానికి రేకులు విచ్చుకుని వెనక్కి వంగుతాయి, మధ్యన కిరీటం. ఇంకో రకానికి రేకులు గిన్నెలా నిలబడి చివర ఊదారంగు ఉంటుంది. తెల్లజిల్లేడు వేరే జాతి అనుకుంటారు, అది మొదటి రకంలోనే రంగు తేడా. ఆ కిరీటం సరిగ్గా కనబడాలని అడ్డొచ్చిన ఆకు తుంచాను. పాలు చేతికయ్యాయి. చెమట పట్టిందని అదే చేత్తో కన్ను తుడుచుకున్నాను. నొప్పి లేదండి, అదే మోసం. గంట గడిచేసరికి ఆ కంటికి లోకమంతా పొగమంచు. డాక్టరుగారు కంటి నల్లగుడ్డు మీది పొర వాచిందని చుక్కలు రాశారు. పదిహేను రోజులకి గానీ చూపు సర్దుకోలేదు. కళ్ళతో బతికేవాణ్ణి, ఎంత టెన్షన్ పడ్డానో నాకు తెలుసు. కాబట్టి తుంచకండి. తుంచితే చెయ్యి కడుక్కునేదాకా ముఖం ముట్టుకోకండి. వయ్యారిభామ దగ్గర మోకాళ్ళ మీద కూర్చోకండి, కొందరికి దద్దుర్లు వస్తాయి, ఆయాసం వస్తుంది. ఇంకొకటి, ఫోను పేరు చెప్పింది కదా అని ఏ ఆకూ నోట్లో పెట్టుకోకండి, ఎవరికీ మందుగా చెప్పకండి.

ఫోను అంటే గుర్తొచ్చింది. ఫొటో చూసి మొక్క పేరు చెప్పే యాప్‌లున్నాయి. గూగుల్ లెన్స్ ఉంది, ప్లాంట్‌నెట్ ఉంది, ఐనాచురలిస్ట్ ఉంది. నేను ఐనాచురలిస్ట్ వాడతాను, ఉచితం. యాప్ చెప్పేది ఊహ మాత్రమే. సంబంధాల పేరయ్య చెప్పినట్టు వినాలి, విని విచారించుకోవాలి. ఇందులో నాకు నచ్చింది ఏంటంటే, ఫొటో పెట్టాక మనుషులు చూస్తారు. ఎక్కడో ఒకాయన "కాదు, ఆకు అంచు చూడండి" అంటాడు. చెప్పినవాళ్ళలో మూడింట రెండు వంతులకి మించి ఒకే పేరు మీద నిలబడితే అప్పుడది పరిశోధనకి పనికొచ్చే నమోదు అవుతుంది. దానికి తేదీ కావాలి, చోటు కావాలి. ఫోనులో లొకేషన్ ఆన్ చేసి తీస్తే రెండూ ఫొటోలోనే దాగి ఉంటాయి. కుండీలో పెంచిన మొక్కైతే పెంచినదని గుర్తు పెట్టాలి.

ఇక్కడొక పొరపాటు అందరూ చేస్తారు. ఫొటో వాట్సాప్‌లో మామూలుగా పంపుతారు. వాట్సాప్ ఫొటోని నలిపి చిన్నది చేస్తుంది, తేదీ, చోటు వివరాలు తీసేస్తుంది. నూగు, నరాలు అన్నీ పోతాయి. పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి. నా మొదటి ఏడాది ఫొటోలు సగం ఇలాగే పాడు చేసుకున్నాను. అసలువి తుడిచేసి వాట్సాప్‌లో ఉన్నాయిలే అనుకున్నాను. ముప్ఫై ఏళ్ళు నెగిటివ్‌లు దాచినవాణ్ణి, చూడండి ఎంత తెలివో!

ప్రశ్నలు బయట మాట్లాడుకుందాం, ఎందుకంటే ఇప్పుడు పది కావొస్తోంది. గేటు పక్కన పలకల సందులో ఉన్నది టర్నెరా. లేత పసుపు రేకులు, లోపల గోధుమరంగు మచ్చ. పన్నెండయ్యేసరికి ముడుచుకుపోతుంది. ముందు వెనకనుంచి తీయండి. నలభైమంది ఒకేసారి మీద పడకండి, ఒక్కొక్కళ్ళూ వంగి తీసుకోండి. గొడుగు నా దగ్గరుంది. స్కేలు ఎవరి దగ్గరైనా ఉందా?